ఎరువు రాగం

నాకు అక్షరాలు పసుపు రంగులో వచ్చాయి.

పలక మీద రాలేదు, నల్లబల్ల మీద రాలేదు. ఫోన్లో సినిమా పాట వస్తుంటే దాని కింద మాటలు తెల్లగా నిలబడి ఉంటాయి. పాడే మనిషి గొంతు ఏ అక్షరం మీదికి వస్తే ఆ అక్షరం పసుపుగా మారుతుంది. తెల్లారేటప్పుడు నల్లమల మీద ఎండ ఒక్కొక్క గుట్టనే తడుముకుంటూ రావడం మా ఊరి నుంచి కనిపిస్తుంది, అట్లా. నలభై ఎనిమిదేళ్ళ వయసులో నేను చదువు నేర్చుకున్నది ఆ వెలుగులోనే. పాట నాకు ముందే వచ్చు. మాట తెలుసు, రాగం తెలుసు. దాని ముఖమే తెలీదు. ఎన్నో ఏళ్ళుగా గోడ అవతలి నుంచి గొంతు మాత్రమే విన్న మనిషి ఒకరోజు ఎదురుగా వచ్చి నిలబడినట్టు, 'ఓహో, క అంటే నువ్వా' అనుకునేదాన్ని.

ఇప్పుడు చెప్పేది మాత్రం ఒక్క అక్షరం గురించి. నేను రాసిన మొట్టమొదటి పాటలో ఒక అక్షరం, నంద్యాలలో, కొన్ని వందల మంది ఆడవాళ్ళ నోట్లో ఇంకో అక్షరమైపోయింది. దాన్ని వెనక్కి తెచ్చుకోవాలంటే నాకు చదువు ఆలస్యంగా వచ్చిందని మైకులో అందరికీ చెప్పాలి. చెప్పకపోతే మా వదినకు ఇచ్చిన మాట తప్పుతాను.

మాది ఆళ్లగడ్డ పక్కన ఊరు. చిన్నప్పుడు మా అమ్మతో పత్తి చేలకు కూలికి పోయేదాన్ని. మా అన్న పెండ్లయినాక మా వదిన కూడా మాతోనే వచ్చేది. ఊర్లో ఎవరింట్లో శుభకార్యమైనా మైకు కట్టి రికార్డులు వేసేవాళ్ళు. చేను ఊరికి దూరం. గాలి మా వైపు తిరిగితే పాట మా దాకా వచ్చేది, కానీ మొత్తం వచ్చేది కాదు. అక్షరాలు నేర్చుకున్నాక ఇప్పుడు చెప్పగలను: హల్లులు దారిలో తుమ్మచెట్లకు తగులుకుని ఆగిపోయేవి, అచ్చులు మాత్రమే చేను చేరేవి. ఆ అని, ఈ అని, ఓ అని. మధ్యలో ఖాళీలు. ఆ ఖాళీల్లో మేం మాకు కావలసిన మాటలు పెట్టుకునేవాళ్ళం. ఆడ ఎవరో ఎవరినో ప్రేమిస్తున్న పాటలో ఈడ మేం మేస్త్రీని తిట్టుకునేవాళ్ళం. అసలు పాటలో ఏముందో చాలా పాటలకు నాకు మొన్న మొన్నటి దాకా తెలీదు.

మా అమ్మ సినిమా పాట పాడేది కాదు. తనకొక కలుపు పాట ఉండేది. దాని మాటలు నాకు గుర్తు లేవు. సాలు చివరికి వచ్చి నడుము ఎత్తేటప్పుడు ఒక పొడుగాటి జారుడు ఉండేది అందులో, బావిలోకి చేద వదిలినట్టు. చేద నీళ్ళకు తగిలినచోట పాట ఆగేది. తర్వాత కొత్త సాలు.

ఆ రోజులు మా వైపు మంచివి కావు. ఒక ఊరికీ ఇంకో ఊరికీ పడక బస్సులు ఆగిపోయేవి. పొద్దు గుంకకముందే తలుపులు మూసేవాళ్ళు. అట్లా మూసుకున్న ఇండ్లలో టేప్‌రికార్డరు పాడేది మాత్రం పూలతోటల గురించి. కొన్నేళ్ళకు మా గొడవలనే సినిమాలు తీశారు. మా అన్న నన్నూ వదిననూ నంద్యాలలో టాకీసుకు తీసుకుపోయాడు. బండ్లు గాల్లోకి లేచాయి, హీరో తొడ కొట్టాడు. సరే, పాట వస్తుంది, పాటలో మా ఊరు ఉంటుంది అనుకున్నాను. పాట రాగానే హీరో, హీరోయిన్ మంచుకొండల్లో ఉన్నారు.

మా వదిన గట్టిగా అంది. "ఏందీ, ఈడ ఇంతమంది సస్తాంటే వీళ్ళు ఐసులో ఎగురుతాండారు!"

ముందు వరుసల వాళ్ళు వెనక్కి తిరిగి నవ్వారు. నేనూ నవ్వాను. కానీ నిజం చెప్పాలంటే, ఆ నాలుగు నిమిషాలు నేనూ ఆ మంచులోనే ఉన్నాను. కాళ్ళకు చల్లగా తగిలింది కూడా. బయటికి వచ్చి చూస్తే అదే ఎండ, అదే బస్‌స్టాండు, అన్న చెయ్యి గట్టిగా పట్టుకుని మమ్మల్ని చీకటి పడకముందే ఇంటికి చేర్చాలని తొందర.

మా చర్చిలో పాటలు నేను బాగా పాడతానని పేరు. అక్కడ కూడా చాలా పాటలకు మాట దేవునిది, రాగం సినిమాది. ఆ రాగం యాడి నుంచి వచ్చిందో మా పాస్టరమ్మకు బాగా తెలుసు. తెలిసే కళ్ళు మూసుకుని చప్పట్లు కొట్టేది.

ఇక్కడ మా వైపు మాట ఒకటి చెప్పాలి. గ్లాసుడు చక్కెర పక్కింటి నుంచి తెచ్చుకుంటే అది బదులు. తర్వాత వేరే చక్కెర కొలిచి ఇస్తాం. కానీ అన్నం వండే గుండిగ తెచ్చుకుంటే, నగ తెచ్చుకుంటే, చీర తెచ్చుకుంటే అది ఎరువు. తెచ్చిందే తిరిగి ఇవ్వాలి, మరక లేకుండా. రాగాన్ని కూడా మేం అట్లా ఎరువు తెచ్చుకుని, పాడుకుని, మళ్ళీ సినిమావాళ్ళకు ఇచ్చేస్తున్నాం అనుకునేదాన్ని.

నేను అంగన్‌వాడీలో ఆయాను. పిల్లలను పిలుచుకు రావడం, వండడం, ఊడ్చడం నా పని. మా సెంటరు టీచరమ్మ నాకంటే బాగా చిన్నది. అహోబిలం పిల్ల, వాళ్ళది గుడి సేవలో ఉండే కుటుంబం. నన్ను అక్కా అంటుంది.

కరోనా వచ్చిన ఏడాది అన్నీ మూసేశారు. మేమిద్దరం మూతికి గుడ్డ కట్టుకుని ఇంటింటికీ గుడ్లు, పాల ప్యాకెట్లు పంచేవాళ్ళం. టీవీలో పాడేవాళ్ళంతా ఎవరింట్లో వాళ్ళు కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కొక్క చిన్న డబ్బాలో కనబడుతూ, చేతులు కడగండి, ఇంట్లో ఉండండి అని పాడారు. బాగా ఆడిన సినిమా పాటల రాగాల్లోనే జాగ్రత్తలు చెప్పారు. కొన్ని వారాలు పాడారు. తర్వాత మళ్ళీ ప్రేమ పాటలే వచ్చాయి.

ఒకరోజు పొద్దున పెద్దరోడ్డు పక్కన నిలబడి ఉన్నాం. లారీలు లేవు, బస్సులు లేవు. రోడ్డు అంత పొడుగుంటుందని అప్పుడే చూశాను. మూటలు నెత్తిన పెట్టుకుని ఎక్కడి నుంచో ఎక్కడికో పోయేవాళ్ళు ఒక వరుసగా నడిచి వస్తున్నారు. ఎవరి జేబులోనో ఫోను పాడుతోంది. ప్రేమ పాట. పిల్ల నవ్విందని, పిల్లవాడి గుండె జారిందని. అందులో ఆకలి లేదు, రోడ్డు లేదు, మూట లేదు. అయినా ఆ వరుస మొత్తం అడుగులు దాని తాళానికే పడుతున్నాయి. వాళ్ళు మలుపు తిరిగి కనబడకుండా పోయాక కూడా కొంచెంసేపు పాట వినబడింది, మా చేలో లాగే, అచ్చులు మాత్రం. పాట వాళ్ళ గురించి ఒక్క మాట చెప్పలేదు. కానీ వాళ్ళతో నడిచింది. ఆ తర్వాత నేను సినిమా పాటలను ఎప్పుడూ ఎగతాళి చేయలేదు.

ఆ రోజుల్లోనే సెంటరు మెట్ల మీద ఆ మూల తను, ఈ మూల నేను కూర్చుని ఉంటే టీచరమ్మ అడిగింది.

"అక్కా, నీకు ఎన్ని పాటలొస్తాయి?"

"ఎన్ని అంటే? లెక్క పెట్టేదానికి ఎవురికి తీరుతాది?"

"అయితే నీకు సగం చదువు వచ్చినట్లే. మా నాయన గూడా గుడిలో పాడేవి ముందు నోటితోనే నేర్చినాడు. అక్షరం తర్వాతనే." అని ఫోను మెట్టు మీద పెట్టి జరిపింది. "పాట విను. ఏది పసుపుగా మారితే దాన్ని చూడు."

అట్లా చూశాను. వానాకాలం పోయేసరికి పాట ఆపేసినా అక్షరాలు ఆగకుండా చదవగలిగాను. ప, వ దగ్గర మాత్రం ఎప్పుడూ తడబడేదాన్ని. ఆ పాటల్లో అక్షరాలకు పూలు, వంకీలు పెడతారు, రెండూ అక్కచెల్లెళ్ళ లాగే ఉంటాయి.

"తలకట్టు చూడక్కా," అంది టీచరమ్మ. "ప తలకట్టు పైన ఎడంగా ఉంటాది. వ తలకట్టు అంటుకోని ఉంటాది."

"అంటే ప గొడుగు పట్టుకున్నాది. వ కొంగు కప్పుకున్నాది."

"అంతే. నువ్వు చర్చిలో కప్పుకుంటావే, అట్లా."

ఆ తర్వాత కొన్నేళ్ళకు ఒక చలికాలం, జీతాలు పెంచమని అంగన్‌వాడీలమంతా సమ్మెకు దిగాం. నంద్యాలలో కలెక్టరాఫీసు ముందు టెంటు వేశారు. పొద్దున్నే ఆళ్లగడ్డ నుంచి బస్సులో పోయేవాళ్ళం. మంచు దట్టంగా ఉండేది. జొన్నచేలు ఉన్నట్టే ఉండి మాయమయ్యేవి. బస్సు రోడ్డు మీద పోతున్నట్టు కాక, నీళ్ళలో తేలుతున్నట్టు ఉండేది. ఎవరూ మాట్లాడుకోరు. నంద్యాల వచ్చాక ఒక్కసారిగా హారన్లు, టీ అంగళ్ళ పొగ.

మొదటి రోజుల్లో మైకులో పాత ఉద్యమ పాటలు వేశారు. పెద్దవాళ్ళు పాడారు, చిన్నపిల్లలు ఫోన్లు చూసుకున్నారు. మూడో రోజో నాలుగో రోజో, ఎవరో ఒకమ్మాయి మా కోరికలన్నీ ఆ ఏడాది ఊపేస్తున్న సినిమా పాట రాగంలో పాడింది. చీర కట్టుకుని నడిచిపోతున్న పిల్లను చూసి ఒకడు పాడే పాట అది. టీ అంగట్లో అదే, ఆటోలో అదే, పిల్లల అన్నప్రాసనలో అదే. టెంటంతా లేచి చప్పట్లు కొట్టింది. మాకు కాపలా ఉన్న పోలీసమ్మ ముఖం అటు తిప్పుకుంది కానీ, పెదవులు కదులుతున్నాయి.

అంతే, ఇక రోజుకో మండలం వాళ్ళు ఆ రాగానికి మాటలు కట్టి తేవాలని లీడరమ్మ చెప్పింది. ఆమె నంద్యాల టౌనులో టీచరు, మా అందరికీ పెద్ద. గొంతు మైకు లేకపోయినా రోడ్డు దాకా వినబడుతుంది.

"ఆళ్లగడ్డోళ్ళది రేపు. ఎవురు కడతారు?"

మా టీచరమ్మ నన్ను వెనక నుంచి నెట్టింది. "మా అక్క చర్చిలో పాడుతాది మేడం. రాస్తాది గూడా."

రాస్తాది అన్న మాటకు నేను వెనక్కి తిరిగి తనను చూశాను. అప్పటిదాకా సంతకం తప్ప కాగితం మీద నా సొంతంగా ఒక్క వాక్యం రాయలేదు.

"మంచిది," అంది లీడరమ్మ. "ఇంకో మాట. రేపు, ఎల్లుండి అందరూ ఎర్రచీరలే కట్టుకోని రండి. ఫోటోలో బాగుంటాది."

నాకు ఎర్రచీర లేదు. ఇంటికి రాగానే మా వదిన దగ్గరికి పోయాను. ఆమెకు ఒకటుంది, సన్న జరీ అంచుది, క్రిస్మసుకు తప్ప కట్టదు.

"వదినా, నీ ఎర్రచీర రెండు దినాలు ఎరువియ్యి."

"సమ్మెకా? మన్నులో కూసోని పాడు జేస్తావు."

"పట్ట పరిచినారు వదినా."

"పోయినసారి ఇస్తే సాంబారు పోసుకోలే నువ్వు?"

"అది సాంబారు కాదు, పులిహోర."

"చీరకు రెండూ ఒకటే." అయినా ట్రంకుపెట్టె తెరిచింది. మడతలు విప్పి ఒకసారి వాసన చూసి నా చేతిలో పెట్టింది. కానీ వెంటనే వదల్లేదు, అంచు పట్టుకుని ఉంది. "నంద్యాలలో అంతమంది సూస్తారు. నాదని ఒక్కరికి తెలీదు."

"పాటలో పెడతాలే."

"పెట్టు, సూద్దాం," అని వదిలింది.

పొద్దు ఉండగానే అరుగు మీద కూర్చుని రాశాను. సెంటరులో పిల్లలు బొమ్మలేసుకునే తెల్లకాగితం అది, వెనకవైపు ఎవరో గీసిన మామిడిపండు ఉంది. ఒక్కొక్క అక్షరం రాసి, దాన్ని నేనే పాడి, పసుపుగా మారిందనుకుని, పక్క అక్షరానికి పోయేదాన్ని. నాలుగు వరుసలకు చెయ్యి నొప్పి పుట్టింది.

*ఎరువు చీర కట్టుకోని వచ్చినానమ్మా*
*ఎరువు రాగం ఎత్తుకోని పాడినానమ్మా*
*పొయ్యి నాది కాదు, పొగ నాది*
*బువ్వ నాది కాదు, వండే చెయ్యి నాది*

రాసి చూసుకుంటే నా నోట్లో ఉన్నది నాకు ఎదురుగా పడుకుని ఉంది. సినిమాలో పిల్ల చీర ఎంత అందమైనదో చెప్తారు కానీ, అది ఎవరిదో ఎప్పుడూ చెప్పరు. నేను చెప్పాను. దానికే నాకు సంతోషం.

మరుసటి రోజు లీడరమ్మ కాగితం తీసుకుని, "నేను ఎత్తిస్తా, అందరూ అందుకోండి," అని మైకు పట్టుకుంది. నేను వెనక వరుసలో కూర్చున్నాను.

"ఎరుపు చీర కట్టుకోని వచ్చినానమ్మా..."

నాకే తప్పుగా వినబడిందనుకున్నాను. టెంటంతా అందుకుంది. ఎర్రచీరల వరుసలన్నీ ఒక్కసారే ఊగాయి. "ఎరుపు రాగం ఎత్తుకోని" అని రెండో వరుస చదివి ఆమె ఆగింది. "ఎరుపు రాగం! ఏం మాటమ్మా అది! పెద్ద చదువులు చదివినోళ్ళకు గూడా తట్టదు. ఎవురమ్మా రాసింది, ఒకసారి లేచి నిలబడు."

నిలబడ్డాను. చప్పట్లు కొట్టారు. ఫోన్లన్నీ నా వైపు తిరిగాయి. దండం పెట్టి కూర్చున్నాను.

మధ్యాహ్నం అన్నాల దగ్గర టీచరమ్మ చెవిలో చెప్పాను. "అది పు కాదు, వు."

తను కాగితం అడిగి తెచ్చింది. చాలాసేపు చూసింది. "అక్కా," అంది మెల్లగా, "నీ వ గొడుగు పట్టుకున్నాది."

చూశాను. నిజమే. తలకట్టు కిందికి వచ్చి అంటుకోవలసిన చోట కలం లేచింది. వెంట్రుకంత సందు. రెండు వరుసల్లోనూ అట్లే ఉంది. చదివినామె తప్పు లేదు. తప్పు నా చేతిదే.

నేను వద్దంటున్నా వినకుండా టీచరమ్మ లీడరమ్మకు చెప్పింది. "మేడం, అది ఎరువు చీరంట."

"ఎరువు చీర ఏందమ్మా?" అంది లీడరమ్మ. "యూరియా చీరనా?"

చుట్టూ ఉన్నవాళ్ళు అన్నం ముద్ద చేతిలో పెట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను. ఎంత గట్టిగా నవ్వానంటే, ఇక ఆ మాట మీద నోరెత్తే హక్కు పోగొట్టుకున్నంతగా.

ఇంటికి పోయేసరికి పాట నాకంటే ముందు చేరింది. మా వదిన గడప దగ్గర కూర్చుని, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళను కూర్చోబెట్టుకుని, ఫోను చూస్తోంది. 'నా చీర మీద పాట కట్టింది' అని వాడంతా చెప్పి పెట్టింది. నన్ను చూడగానే పాట ఆపింది.

"ఏమ్మే, ఇందులో నా చీర యాడుంది?"

"ఎరుపు చీర అన్నారు కదా వదినా. అది నీదే."

"ఎరుపు చీరలు నంద్యాలలో ప్రతి అంగట్లో ఉండాయి. ఎరువు అంటే కదా, ఇచ్చింది ఒకతి ఉన్నట్లు."

నేను రాసిన పాటకు అర్థం ఆమె చెప్తోంది.

"రాసింది ఎరువు అనే వదినా. వాళ్ళు అట్లా చదివినారు."

"చదివితే? నువ్వు ఆడ లేవా? నోరు లేదా నీకు?" పక్కనున్నవాళ్ళ వైపు చూసి, మళ్ళీ నా వైపు చూసింది. "రేపు నేనూ వస్తా. నా చెవులతో నేను ఇంటా."

మరునాడు బస్సులో మా వదిన కిటికీ పక్కన కూర్చుంది. మంచు ముందురోజు కంటే ఎక్కువగా ఉంది. నేను ఆమె చీర కట్టుకుని ఆమె పక్కనే కూర్చోవడం ఏదోలా ఉంది, ఒకే మనిషి రెండుచోట్ల కూర్చున్నట్టు. డ్రైవరు అసలు పాట వేశాడు, సినిమాది. మా వదిన దాన్ని పూర్తిగా వినడం అదే మొదటిసారి. మొదట్లో దడదడమని డప్పు, పిల్లవాడి ఎకసెక్కాలు. తర్వాత మధ్యలో ఒకచోట అన్నీ ఆగి, గొంతు ఒక్కటే మెల్లగా కిందికి జారుతుంది.

మా వదిన నా మోకాలి మీద చెయ్యి వేసింది. "ఏమ్మే. ఇది మీ అమ్మ పాట కదా."

"యాడ?"

"సాలు కొనకాడ ఎత్తేది. ఇదే."

బస్సు శబ్దంలో సగమే వినబడింది. మళ్ళీ వచ్చింది ఆ జారుడు. చేద బావిలోకి దిగుతున్నట్టు ఉంది. నిజంగా మా అమ్మదేనా, లేక మంచులో అన్నీ ఒకలాగే కనబడినట్టు, జారేవన్నీ ఒకలాగే వినబడతాయా, నేను చెప్పలేను. మా వదిన ఏదైనా ఒకసారి అంటే వెనక్కి తీసుకునే మనిషి కాదు.

"సినిమావాళ్ళకు ఎట్లా పోయింటాది వదినా?"

"ఏమో. ఎవురన్నా ఎరువడిగింటే ఇచ్చిందేమో మీ అమ్మ. వద్దనే మనిషా ఆమె?"

కిటికీ అద్దం మీద నీళ్ళు పట్టాయి. అవతల ఎవరో పొలంలో నడుము వంచి ఉన్నట్టు అనిపించింది, తుడిచి చూసేలోపు దాటిపోయాం.

టెంటులో లీడరమ్మ మళ్ళీ నా పాటే ముందు పెట్టింది. "నిన్నటి ఎరుపు రాగం! రామ్మా, ఈపొద్దు నువ్వే ఎత్తు."

పోయాను. చర్చిలో నిలబడటం వేరు, అక్కడ కళ్ళు మూసుకుంటారు. ఇక్కడ అందరి కళ్ళూ నా మీదే. మూడో వరుసలో మా వదిన చేతులు కట్టుకుని కూర్చుంది. కాగితం తీశాను. గొంతు సవరించుకుంటే మైకులో ఉరుములా వినబడింది.

"ఈ కాగితంలో ఒక అక్షరం తప్పు పడింది," అన్నాను. "లీడరమ్మది కాదు తప్పు, నాది. నాకు చదువొచ్చి నాలుగేండ్లు గూడా కాలే. పకు, వకు నాకు ఇంకా సరిగా చెయ్యి తిరగదు. అది ఎరుపు చీర కాదు, ఎరువు చీర. నాకు ఎర్రచీర లేదు. ఇది మా వదినది. ఆడ కూసోనుంది చూడండి, ఆమెది."

రోడ్డు మీద ఆటో పోయింది.

అప్పుడు ఎడమవైపు నుంచి ఒక గొంతు లేచింది. "నాది గూడా ఎరువే అక్కా! మా ఆడబిడ్డది!"

"నాది మా పక్కింటామెది. పిన్నీసు పెట్టొద్దని చెప్పి పంపింది!"

"నాది మా అత్తది. ఆయమ్మకు తెలీదు!"

నవ్వు ఒక మూల మొదలై టెంటంతా పాకింది. ఒకరి కొంగు ఒకరు పట్టుకుని, ఇది ఎవరిది, అది ఎవరిది అని అడుగుతున్నారు. ఎర్రగా ఒక్కటిగా కనబడిన టెంటు అప్పటికప్పుడు వందల ఇండ్లుగా విడిపోయినట్టు, అక్కడికి రాని ఆడబిడ్డలు, అత్తలు, పక్కిండ్లవాళ్ళు కూడా వచ్చి మధ్యలో కూర్చున్నట్టు ఉంది. లీడరమ్మ తన చీర చూసుకుంది.

"నాది కొన్నదేనమ్మా," అంది దిగులుగా. "అయితే నేను పాడకూడదా?"

"నీ మైకు ఎరువే కదా మేడం!" అన్నారెవరో. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

నేను ఎత్తాను. *ఎరువు చీర కట్టుకోని వచ్చినానమ్మా.* వాళ్ళు అందుకున్నారు. మూడో వరుస దగ్గర ఆ జారుడు వస్తుంది. పొగ నాది అనే చోట. అక్కడ నేను సినిమాలో లాగా పాడలేదు. నడుము నొప్పితో సాలు చివర నిలబడినట్టు నిలబడి, చేదను మెల్లగా వదిలాను. అది దిగుతూ పోయింది. చప్పట్లు వాటంతటవే ఆగాయి. చేద నీళ్ళను తాకేదాకా ఎవరూ కదల్లేదు. ఆ కొంచెంసేపు నంద్యాల లేదు, టెంటు లేదు. పత్తిచేను మీద మంచు ఉంది, ఒకామె ముందు నడుస్తోంది, ఆమె వీపు మాత్రమే కనిపిస్తోంది.

గేటు దగ్గర పోలీసమ్మ ఈసారి ముఖం తిప్పుకోలేదు. రోడ్డు అవతల టీ అంగడి వాళ్ళకు ఏం వినబడిందో నాకు తెలుసు. అచ్చులే వినబడి ఉంటాయి. ఎరువో, ఎరుపో, వాళ్ళకు ఏది కావాలంటే అది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కలం తీసి, కాగితాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఆ వెంట్రుకంత సందును రెండుచోట్లా కలిపాను. రెండోదానికి సరిగ్గా బస్సు గుంతలో పడింది. కలం జారి చీర కుచ్చిళ్ళ మీద నీలంగా ఒక చుక్క పడింది. మా వదిన నిద్రపోతోంది.

సమ్మె తర్వాత ముగిసింది. కొన్ని ఒప్పుకున్నారు, కొన్ని లేదు. మళ్ళీ గుడ్లు ఉడకబెడుతున్నాను. ఆ సినిమా పాట కూడా పాతబడిపోయింది, వేరే పాట వచ్చింది. మా పాట ఇప్పటికీ అప్పుడప్పుడు ఎవరి ఫోన్లోనో వినబడుతుంది, కానీ అందరికీ పోయింది మొదటిరోజు వీడియోనే. అందులో ఎరుపనే ఉంటుంది. కామెంట్లలో ఎవరో 'ఎరుపు రాగం' అని మెచ్చుకున్నారు. చదివి ఊరుకున్నాను.

చీరను మూడుసార్లు ఉతికాను. చుక్క పోలేదు. ఇస్త్రీ చేయించి తీసుకుపోయి ఇచ్చాను. మా వదిన మడతలు విప్పింది. ఆమె కళ్ళ నుంచి ఏదీ తప్పించుకోదు.

"ఇదేం మరక?"

"బస్సులో వు రాస్తాంటే పడింది వదినా."

వేలితో రుద్ది చూసింది. ఏమన్నా అంటుందని నిలబడ్డాను. మడిచి పెట్టెలో పెట్టింది.

ఆ తర్వాతి క్రిస్మసుకు ఆ చీరే కట్టుకుని చర్చికి వచ్చింది. కుచ్చిళ్ళు కొంచెం అటు మడిస్తే ఆ చుక్క లోపలికి పోయేది. ఆమె దాన్ని బయటికి కనబడేట్టే పెట్టుకుంది.